ఘటాకాశ న్యాయము - భాషా నమూనా: నెట్‌వర్కు సంబంధము లేని కంటైనరులో స్వీయ కృత్రిమ మేధను నడుపు విధానము

1. అనుబంధ చతుష్టయము

శాస్త్రారంభమున విషయ ప్రయోజన సంబంధాధికారులను నిరూపించుట సంప్రదాయము. కంప్యూటరునకు సంబంధించిన ఈ విచారమునకును ఆ క్రమము చక్కగ సరిపడును. ఒక సంస్థ తన సొంత యంత్రముమీద నడుపుకొను కృత్రిమ మేధా భాషా నమూనాను నెట్‌వర్కు సంబంధము లేని కంటైనరులో నిలుపుట ఇందలి విషయము. బయటకు పోరాని వాక్కు బయటకు పోకుండ దానితో పని చేయించుకొనుట ప్రయోజనము. ఆ విధానమునకును ఆ ఫలమునకును గల సాధ్యసాధన భావము సంబంధము. ఇతరుల మాటను, ఇతరుల రహస్యమును తన అధీనమున నుంచుకొన్న ప్రతి సంస్థయు అధికారి. వైద్యశాల, న్యాయవాది కార్యాలయము, తాళపత్ర భాండాగారము ఇవన్నియు ఆ కోవలోనివే.

లిఖితమైన వాక్కు వ్యవహారదృష్టిచే రెండు విధములు: ప్రకటింపదగినది, గోపింపదగినది. ఉత్తరాంధ్రమున రెండింటికిని ఉదాహరణములు కలవు. మాక్స్ ముల్లర్ పండితుడు సాయణభాష్య సహితమైన ఋగ్వేద సంహితను 1849 మొదలు 1874 వరకు ఆరు సంపుటములుగ వెలువరించెను. దాని రెండవ ముద్రణము 1890-92 సంవత్సరములలో నాలుగు సంపుటములుగ వచ్చుటకు విజయనగర ప్రభువు ఆనందగజపతి ద్రవ్యసాహాయ్యము చేసెను. గురుముఖమునుండి శిష్యకర్ణమునకు మాత్రము ప్రసరించుచు వచ్చిన వాక్కు ఆ దానము వలన లోకమునకు సులభమయ్యెను. అది ప్రకటనమునకు మేలైన ఉదాహరణము.

గోపింపదగిన దానికి ఉదాహరణము శ్రీకాకుళము జిల్లాలోని ఉద్దానము. ఇచ్ఛాపురము, కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతములలో కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ నివసించు ప్రజలను దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి పీడించుచున్నది. మూలకారణము నేటికిని నిశ్చయముగ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసయందు 200 పడకల ఆసుపత్రియు, పరిశోధన కేంద్రమును ప్రారంభింపబడినవి. కారణాన్వేషణమునకు రోగుల చీటీలే ముఖ్యమైన ఆధారము. కాని ఆ చీటీపై రోగి పేరు, ఊరు, ఇంటివారి వివరములు, రక్తపరీక్షలో క్రియాటినిను అంకె ఉండును. ఆ అంకె బయటపడినచో ఒకని కూలిపనికి, ఒక ఆడపిల్ల పెండ్లిమాటకు అడ్డు రావచ్చును. ఋగ్వేద భాష్యమునకు ప్రకటనమెట్లు ధర్మమో, ఈ చీటీకి గోపనమట్లే ధర్మము.

ఒక వైద్యుడు అట్టి చీటీని తన ఫోనులోని ఏదేని కృత్రిమ మేధా సేవకు చూపి, దీనిని తెలుగున సంగ్రహింపుమని కోరెనని భావింతము. ఆ క్షణముననే ఆ చీటీ దూరదేశమందలి యంత్రమునకు చేరును. చేరిన దానిని మరల రప్పించుట అసాధ్యము. 2025 జనవరిలో భారత ఆర్థిక మంత్రిత్వశాఖ తన ఉద్యోగులు కార్యాలయ యంత్రములపై చాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటి సాధనములను వాడరాదని ఆదేశించుటకు హేతువిదియే. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమును, 2025 నవంబరులో ప్రకటింపబడిన దాని నియమములును ఈ బాధ్యతను శాసనరూపమున నిలిపినవి. కావున, ఇట్టి సంస్థలు ఆ సాధనమును బొత్తిగ విడువవలయునా, లేక సురక్షితముగ వాడు మార్గము కలదా యనునది ప్రశ్న.

2. భాషా నమూనా స్వరూపము

లోకమున లాంగ్వేజ్ మోడల్ అని పిలువబడు భాషా నమూనా వస్తుతః అంకెల రాశి. అపారమైన పాఠమును చదివించి, ఒక పదఖండము తరువాత ఏ పదఖండము రాదగునో ఊహించునట్లు ఆ అంకెలను సవరింతురు. ఆ సవరణ ముగిసిన పిదప అంకెలన్నియు ఒక ఫైలుగ నిలుచును. తమ నమూనాల అంకెలను ఎవరైనను దింపుకొనుటకు వీలుగ కొందరు నిర్మాతలు విడుదల చేయుచున్నారు. అట్టి ఫైలును దింపుకొని తమ యంత్రముమీదనే నడుపుకొనుట స్వీయ నిర్వహణము.

పరిమాణమును లెక్కించి చూచిన ఇది సామాన్య సంస్థకును అందుబాటులోనిదే యని తెలియును. 700 కోట్ల అంకెలు గల నమూనాలో ఒక్కొక్క అంకెకు రెండు బైట్ల చొప్పున 14 గిగాబైట్ల చోటు కావలయును. ప్రతి అంకెను నాలుగు బిట్లకు కుదించినచో మూడున్నర గిగాబైట్లకు కొంచెము మించి చాలును. కుదింపు వలన నేర్పు కొంత తగ్గును గాని పని నిలువదు. 2023 మార్చిలో వెలువడిన లామా.సీపీపీ అను ప్రోగ్రాము వలన, ఖరీదైన జీపీయూ లేని సాధారణ కంప్యూటరు మీదను ఇట్టి నమూనాను నడుపుట సుకరమయ్యెను. వేగము మందగించును, అంతియే.

ఇచట ఒక సూక్ష్మము గ్రహింపదగినది. అంకెల రాశికి స్వయముగ ఎవరికిని ఏమియు పంపు శక్తి లేదు. పంపునది దానిని నడుపు ప్రోగ్రాము. ఉదాహరణకు, వీఎల్‌ఎల్‌ఎం అను ప్రసిద్ధమైన ప్రోగ్రాము, వలదని చెప్పనంతవరకు, తన వినియోగ వివరములను నిర్మాతలకు పంపును. అవి ప్రశ్నోత్తరముల పాఠములు గావు, యంత్రమునకు సంబంధించిన వివరములు మాత్రమే. అయినను గృహస్థునకు తెలియకయే గుమ్మము తెరచియుండుటకు అది నిదర్శనము. మరియు నమూనాకు వెబ్ పుటలను తెరచు పరికరమును జోడించినచో ప్రమాదము పెరుగును. చదువుటకిచ్చిన పత్రములోనే, ఈ వివరములను ఫలానా చిరునామాకు పంపుము అను ఆజ్ఞను ఎవరైనను దాచియుంచవచ్చును. నమూనాకు పత్రములోని విషయమునకును యజమాని ఆజ్ఞకును భేదము నిశ్చయముగ తెలియదు. అది ఆ ఆజ్ఞను పాటించునేమో యను శంకను నమూనా సౌజన్యముపై వదలుట అవివేకము. పంపు దారియే లేకుండ చేసినచో ఆజ్ఞ పాటింపబడినను నిష్ఫలమగును.

3. కంటైనరు - ఘటాకాశ దృష్టాంతము

ఒక ప్రోగ్రామును, దానికి కావలసిన సామగ్రితో కూడ ఒక ఆవరణలో నుంచి నడుపు ఏర్పాటునకు కంటైనరు అని పేరు. 2013లో వచ్చిన డాకరు వలన ఇది సర్వసామాన్యమయ్యెను. పాడ్మను అట్టిదే మరియొకటి. దీనికి మూలమైన శక్తులు లినక్సు కెర్నెలులోనివి. మొదటిది నేమ్‌స్పేసు, ఇది 2002 నుండి అంచెలంచెలుగ కెర్నెలులో చేరినది. దీనిచేత లోపలి ప్రోగ్రామునకు తన ఫైళ్లే, తన ప్రక్రియలే, తన నెట్‌వర్కు ద్వారములే కనబడును, ఇతరములు కనబడవు. రెండవది 2008లో చేరిన సీగ్రూపు. ఇది లోపలి ప్రోగ్రాము ఎంత మెమరీని, ఎంత ప్రాసెసరు కాలమును వాడవచ్చునో నియమించును.

ఈ ఏర్పాటును బోధించుటకు వేదాంతుల ఘటాకాశ దృష్టాంతము కంటె తగినది లేదు. కుండలోని ఆకాశము వేరుగ తోచును. దానికి కొలత కలదు, పేరు కలదు. కాని ఆ భేదము కుండ యను ఉపాధి వలన వచ్చినది, ఆకాశము ఒక్కటే. అట్లే ఒక యంత్రముమీద పది కంటైనర్లున్నను వాటన్నిటికిని కెర్నెలు ఒక్కటే. ప్రతి కంటైనరును తానే ఒక యంత్రమైనట్లు భాసించుటయే గాని నిజముగ యంత్రము కాదు. సంపూర్ణముగ వేరైన కెర్నెలు గల వర్చువల్ యంత్రమునకును దీనికిని భేదమిదియే.

ఈ దృష్టాంతము నుండి రెండు ఫలితములు సిద్ధించును. మొదటిది: కుండ పగిలినచో ఘటాకాశము మహాకాశమున కలసిపోవును. కెర్నెలులో దోషమున్నచో కంటైనరు గోడ నిలువదు. రెండవది: భేదము ఉపాధికృతము గనుక ఉపాధి ఎంతవరకో భేదమంతవరకే. ఫైళ్ల విషయమున వేరుచేసి నెట్‌వర్కు విషయమున వేరుచేయక విడిచినచో లోపలి ప్రోగ్రాము యథేచ్ఛగ లోకముతో మాటలాడును. డాకరులో ఏమియు నియమింపనిచో జరుగునది సరిగ ఇదియే: కంటైనరు బ్రిడ్జి యను దారి గుండ ఇంటర్నెట్టును చేరగలదు. కంటైనరులో నున్నది గనుక భద్రమనుట కుండలోనిది గనుక నీరు చల్లగ నుండుననుట వంటిది. కాల్చిన విధము, మట్టి గుణము తెలియక ఆ మాట చెప్పరాదు.

4. సంబంధాభావము - తారతమ్యము

నెట్‌వర్కు సంబంధమును తొలగించుట మూడు మెట్లుగ నున్నది.

ప్రథమ పక్షము: నెట్‌వర్కు వలదని, అనగా నన్ అను నియమముతో కంటైనరును ప్రారంభించుట. అప్పుడు లోపల లూప్‌బ్యాక్ అను ఒక్క ద్వారము మాత్రముండును. అది తనతో తాను మాటలాడుకొను దారి. బయటకు పోవుటకు గాని లోనికి వచ్చుటకు గాని నెట్‌వర్కు మార్గము లేదు. ఇది ఉత్తమము.

ద్వితీయ పక్షము: అంతర్గత నెట్‌వర్కును కల్పించి, నమూనా కంటైనరును మరికొన్ని కంటైనర్లను అందు చేర్చుట. అవి పరస్పరము మాటలాడుకొనును. బయటకు పోవు దారి యుండదు. ఇది మధ్యమము. ఏల మధ్యమమన, 2024 మార్చిలో వెల్లడియైన సీవీఈ-2024-29018 అను దోషము ఒక పాఠము నేర్పినది. అంతర్గత నెట్‌వర్కులోని కంటైనరు ఏదేని పేరునకు చిరునామా యేమని అడిగినపుడు, కొన్ని పరిస్థితులలో డాకరు తానే ఆ ప్రశ్నను బయటి డీఎన్‌ఎస్ సేవకునకు చేరవేయుచుండెను. తలుపులు మూసినను ప్రశ్న బయటకు పోవుచుండెను. రహస్యమును ఆ పేరులోనే అక్షరములుగ పొదిగినచో, ప్రశ్న రూపముననే రహస్యము శత్రువునకు చేరును. ఈ దోషము తరువాతి ప్రతులలో సవరింపబడినది. వంటయింటి తలుపు వేసినను పొగగూటి గుండ పొగ పోవునట్లు, మాట పోకున్నను మాటలోని విషయము పోగలదని దీనివలన తెలియును.

తృతీయ పక్షము: మామూలు నెట్‌వర్కులో నుంచి, ఫైర్‌వాలు చేత బయటి దారిని అడ్డగించుట. ఇది అధమము. డాకరు ఒక పోర్టును బయటకు తెరచినపుడు అది సామాన్యముగ యంత్రముయొక్క అన్ని ద్వారములపైనను తెరచుకొనును. ఉబుంటులో వాడుకలో నున్న యూఎఫ్‌డబ్ల్యూ ఫైర్‌వాలు నియమములను అది దాటిపోవును కూడ. ఫైర్‌వాలు వేసితినని నిశ్చింతగ నున్నవాని పోర్టు వీథిలోనికి తెరచియుండవచ్చును. ఓలామా వంటి సేవకు, ఎవరు నీవని అడుగు ఏర్పాటు సహజముగ లేదు. తలుపు తట్టిన ప్రతివానికిని అది బదులు పలుకును.

5. ప్రవేశ విధి

బయటి దారి లేని చోటికి నమూనా ఎట్లు చేరును? దింపుకొను స్థలమును, నడుపు స్థలమును వేరుచేయవలయును. ఇంటర్నెట్టు గల వేరొక యంత్రమున నమూనా ఫైలును, కంటైనరు ప్రతిమను దింపుకొనవలయును. నిర్మాతలు ప్రకటించిన షా-256 సంఖ్యతో దింపిన ఫైలు సంఖ్యను పోల్చవలయును. ఫైలులో ఒక్క బిట్టు మారినను ఆ సంఖ్య పూర్తిగ మారిపోవును. వేదపాఠమున పదము, క్రమము, జట, ఘనము అను పాఠభేదములచేత ఒక్క స్వరము తప్పినను పట్టుకొను ఏర్పాటు వంటిదే ఇదియు. తరువాత ఫైలును డిస్కు ద్వారా లోపలి యంత్రమునకు చేర్చవలయును.

ఫైలు రూపమును కూడ పరీక్షింపవలయును. పికిల్ అను పాత రూపమున దాచిన నమూనాను తెరచునపుడు అందు దాగిన ఆజ్ఞలు నడచు అవకాశము కలదు. సేఫ్‌టెన్సర్స్ అను రూపము అంకెలను మాత్రమే నిలుపును. కావున రెండవదానిని గ్రహించుట మేలు. నడుపు ప్రోగ్రామునకు, హగ్గింగ్‌ఫేస్ నిలయమును వెదకవలదని ఆఫ్‌లైను నియమమును ముందే చెప్పవలయును. లేనిచో లేని దారిని వెదకుచు ఆరంభముననే నిలిచిపోవచ్చును.

కంటైనరును ప్రారంభించునపుడు మరికొన్ని నియమములు పాటింపవలయును. నమూనా ఫైలున్న ఫోల్డరును చదువుటకు మాత్రమే యీయవలయును. కంటైనరు మూలఫైళ్లను మార్చుటకు వీలులేకుండ చేయవలయును. లోపలి ప్రోగ్రామును రూట్ అధికారము లేని సామాన్య వినియోగదారునిగ నడుపవలయును. కెర్నెలు ఇచ్చు విశేషాధికారములనన్నిటిని తీసివేయవలయును. ఇవన్నియు కుండను గట్టిగ కాల్చుట వంటివి.

6. సంభాషణ మార్గము

నెట్‌వర్కు బొత్తిగ లేనిచో వైద్యుడు నమూనాతో ఎట్లు మాటలాడును? దీనికి రెండు మార్గములు కలవు. మొదటిది యూనిక్స్ సాకెట్టు. ఇది నెట్‌వర్కు చిరునామా కాదు. ఫోల్డరులో కనబడు ఒక ఫైలు. ఆ ఫోల్డరును కంటైనరునకును బయటి ప్రోగ్రామునకును ఉమ్మడిగ ఇచ్చినచో ఇరువురును దానిగుండ సంభాషింతురు. ఆ ఫోల్డరుపై ఎవరికి హక్కు కలదో వారికే ప్రవేశము. రెండవది ఇంకను సులభము: చదువవలసిన పత్రములను ఒక ఫోల్డరులో నుంచుట, సిద్ధమైన సంగ్రహములను మరియొక ఫోల్డరునుండి తీసికొనుట. ప్రత్యుత్తరము తక్షణము అక్కరలేని పనికి ఇది చాలును. రాత్రి నూరు చీటీల నుంచి ఉదయము నూరు సంగ్రహములను తీసికొనవచ్చును.

పలువురు ఉద్యోగులు తమ తమ గదులనుండి వాడదలచినచో ద్వారపాలక కంటైనరొకటి కావలయును. అది ఒక చేత ఉద్యోగుల నెట్‌వర్కును, మరియొక చేత నమూనా యున్న అంతర్గత నెట్‌వర్కును పట్టుకొనియుండును. గడపపై నుంచిన దీపము ఇంటిని, వీథిని రెండింటిని వెలిగించునట్లు అది రెండువైపులను చూచును. అందుచేతనే దోషమేర్పడినచో రెండువైపులకును హాని. కావున ద్వారపాలకుడు ఇంటర్నెట్టును చేరకూడదు. ఎవరు అడిగిరో గుర్తింపవలయును. అడిగిన ప్రశ్నల పాఠమును వ్రాసియుంచకూడదు.

7. అభావ పరీక్ష

ఇంతవరకు చెప్పినది నియమము. నియమము నిజముగ పనిచేయుచున్నదా యనుట వేరు ప్రశ్న. లేనిదానిని ఎట్లు తెలిసికొనుట? భాట్ట మీమాంసకులును, అద్వైతులును దీనికి అనుపలబ్ధి యను ప్రత్యేక ప్రమాణమును అంగీకరించిరి. నైయాయికులు అభావము ప్రత్యక్షముచేతనే తెలియునని, అనుపలబ్ధి దానికి సహకారి యని చెప్పిరి. ఇరువురును అంగీకరించు విషయమొకటి: కనబడకపోవుట మాత్రము చాలదు. ఉన్నచో తప్పక కనబడియుండును అను యోగ్యత యుండవలయును. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. దీపము వెలిగించిన పిదప కనబడనిచో అప్పుడు లేదనవచ్చును.

కంటైనరు పరీక్షలో పెక్కుమంది చేయు తప్పు ఇదియే. లోపలనుండి బయటి చిరునామాను పిలిచి, విఫలమైనదని సంతోషింతురు. కాని ఆ కంటైనరులో పిలుచుటకు కావలసిన కర్ల్ వంటి సాధనమే లేకపోయినచో ఆ వైఫల్యము దేనికి ప్రమాణము? అది చీకటి గది మాత్రమే. కావున పరీక్షాక్రమమిట్లుండవలయును. మొదట అదే ప్రతిమను, అదే ఆజ్ఞతో, మామూలు నెట్‌వర్కులో నడిపి పిలుపు సఫలమగుట చూడవలయును. ఈ దశలో రహస్యపత్రమేదియు లోపల నుంచరాదు. ఇది దీపము వెలిగించుట. పిదప నెట్‌వర్కు తొలగించి అదే పిలుపు విఫలమగుట చూడవలయును. పిలుపులు అంకెల చిరునామాకు ఒకటి, పేరునకు ఒకటి, పేరునకు చిరునామా అడుగుటకు ఒకటి, ఇట్లు మూడు విధములుగ నుండవలయును. మూడవదానిని విడిచినచో పైన చెప్పిన పొగగూడు మిగిలిపోవును.

దీనితో ఆగరాదు. యంత్రముయొక్క బయటి ద్వారమువద్ద పోవు ప్యాకెట్లను టీసీపీడంప్ వంటి సాధనముతో గమనించుచు, నమూనాను పనిచేయించి చూడవలయును. అదే కార్యాలయములోని వేరొక కంప్యూటరునుండి నమూనా పోర్టును తట్టి చూడవలయును. ప్రతిమను మార్చినపుడు, డాకరును క్రొత్తది వేసినపుడు, యంత్రమును మరల ప్రారంభించినపుడు ఈ పరీక్షలన్నియు మరల చేయవలయును. నిన్న లేని దారి నేడు ఏర్పడవచ్చును. అభావజ్ఞానము ఆ కాలమునకే పరిమితము.

8. శేష దోషములు

నెట్‌వర్కు మూసినను మిగులు రంధ్రములు నాలుగు ముఖ్యములు. డాకరును నడుపు సాకెట్టును కంటైనరులోనికి ఇచ్చినచో లోపలి ప్రోగ్రాము తనకు కావలసిన మరియొక కంటైనరును తానే పుట్టించుకొనగలదు. ఖైదీ చేతికే తాళపుచెవుల గుత్తి నిచ్చినట్లు. విశేషాధికారము, అనగా ప్రివిలేజ్డ్ అను నియమము రెండవది. అదియున్నచో గోడ పేరునకు మాత్రమే. మూడవది జీపీయూ మార్గము. 2024 సెప్టెంబరులో వెల్లడియైన సీవీఈ-2024-0132 అను దోషము వలన, ఎన్‌విడియా కంటైనరు టూల్‌కిట్టు 1.16.1 వరకు గల ప్రతులలో దుష్ట ప్రతిమ యొకటి యంత్రముయొక్క ఫైళ్లను చేరు అవకాశముండెను. నాలుగవది మనుష్యుడు. సంగ్రహమును పెన్‌డ్రైవులో తీసికొనిపోవువానిని కంటైనరు ఆపలేదు.

అందుచేత రహస్యము యొక్క గౌరవమును బట్టి రక్షణము పెరుగవలయును. సామాన్యమైన పత్రములకు కంటైనరు చాలును. రోగుల చీటీలవంటి వాటికి ఇంటర్నెట్టు తీగయే లేని ప్రత్యేక యంత్రమున కంటైనరును నడుపుట యుక్తము.

9. పూర్వపక్ష సిద్ధాంతములు

తీగయే లేనపుడు కంటైనరుతో పని యేమి యని ఒక పూర్వపక్షము. ఒకే యంత్రముమీద చీటీల నిధియు నమూనాయు నుండును. నమూనాను నడుపు ప్రోగ్రామునకు నిధియంతయు కనబడనవసరము లేదు. ఆ పూట చదువవలసిన పత్రములు చాలును. ఆ వేరు కంటైనరు వలననే వచ్చును. మరియు ఎవరైనను ఒకనాడు మరచి తీగ తగిలించినను రెండవ గోడ నిలుచును.

సేవనిచ్చు పెద్ద సంస్థలు, మీ పత్రములను నిలువయుంచము అని వ్రాసియిచ్చుచున్నవి గదా, ఈ శ్రమ యెందులకని మరియొక పూర్వపక్షము. ఆ మాట నిజమైనను అది శబ్దప్రమాణము, ఆప్తత్వముపై ఆధారపడినది. తన గదిలోని దారిలేమి తాను పరీక్షించుకొనదగినది. పరీక్షింపదగిన దానిని విడిచి నమ్మదగిన దానిని ఆశ్రయించుటకు, పరుల రహస్యమును మోయువానికి హక్కు లేదు.

వేరుచేసి నడిపిన నమూనా చెప్పునది సత్యమే యగునను మూడవ భ్రమ అన్నిటికంటె ప్రమాదకరము. గోప్యత వేరు, ప్రామాణ్యము వేరు. దీనికి ఈ ప్రాంతమునందే తగిన ఉదాహరణము కలదు. తెలుగు కొరకు స్వీయ నిర్వహణమునకు అనువైన నమూనాలు వచ్చినవి. గూగుల్ వారి జెమ్మాపై నిర్మింపబడిన నవరస 2024లో వెలువడినది. పది భారతీయ భాషలను ఎరిగిన, 200 కోట్ల అంకెల సర్వం-1 అదే సంవత్సరము అక్టోబరులో వచ్చినది. చెన్నై ఐఐటీలోని ఏఐ4భారత్ వారి ఇండిక్‌ట్రాన్స్2 సంస్కృతముతో కూడ రాజ్యాంగము గుర్తించిన 22 భాషలకు అనువాదము చేయును, ఇదియు దింపుకొనదగినదే. ఆ పట్టికలో సవర భాష లేదు. 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట కొండలలోని సవర వృద్ధుని మాటను నమూనాకిచ్చి అర్థమడిగినచో, తెలియదని చెప్పుటకు మారుగ అది చక్కని తెలుగులో ఏదియో కల్పించి చెప్పవచ్చును.

గిడుగు వేంకట రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో నుండి సవరలవద్దనే సవర భాషను నేర్చి, 1931లో వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. 1936లో సవరల కొరకు మంగే గొమాంగో కల్పించిన సోరంగ్ సోంపెంగ్ లిపికి 2012లో యూనికోడులో స్థానము లభించినది. లిపికి సంకేతములు వచ్చినంతమాత్రమున నమూనాకు భాష రాలేదు. రామమూర్తి పంతులుకు అర్థము చెప్పినవారు ఆ భాషను మాటలాడు మనుష్యులు. నమూనా చెప్పిన అర్థమునకు అట్టి ఆప్తుడు సాక్ష్యమీయవలయును. ఉద్దానపు చీటీకి వైద్యుడు, తాళపత్రమునకు పండితుడు అట్టి ఆప్తులు. మందుమోతాదు ఒక్క దశాంశము తప్పినచో గోప్యత ఎంత భద్రమైనను రోగికి మేలు లేదు.

తెలుగునకు మరియొక ఇబ్బంది కలదు. యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు వర్ణసంకేతము ఒక్కొక్కటి మూడు బైట్లు పట్టును. ఇంగ్లీషు అక్షరమునకు ఒక్కటి చాలును. తెలుగును దృష్టిలో నుంచుకొనక చేసిన నమూనాలు ఒక్క పదమును అనేక ఖండములుగ త్రుంచును. ఖండములు పెరిగిన కొలది సొంత యంత్రము నెమ్మదించును. ఒక్కమారు చదువగల పాఠపు పొడవు తగ్గును. కావున నమూనాను ఎన్నుకొనునపుడు దాని పరిమాణమునే గాక అది తెలుగు పదమును ఎన్ని ముక్కలు చేయునో కూడ చూడవలయును.

10. ఉపసంహారము

స్వీయ నిర్వహణమున ఆనుషంగిక ఫలమొకటి కలదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరు 11న పలాస చెంత తీరము దాటిన తిత్లీ తుపాను ఈ తీరమున విద్యుత్తును, ఫోను తీగలను తెంచినవి. అట్టి దినములలో దూరదేశపు సేవ నిరుపయోగము. విద్యుత్తునకు ప్రత్యామ్నాయము కల్పించుకొన్న సొంత యంత్రము మాత్రము పనిచేయుచుండును.

దీనికి మూల్యమును చెల్లింపవలయును. క్రొత్త ప్రతులు వాటంతట అవి రావు. దోషములు సవరింపబడిన ప్రతులను ఒక బాధ్యుడు కాలానుగుణముగ పరీక్షించి మోసికొని రావలయును. ఆ బాధ్యుని పేరు, అభావ పరీక్ష చేసిన తేది, ఫలితము ఒక దస్తరమున నమోదు కావలయును. ఈ మూడును లేని సంస్థ కంటైనరును నడుపుచున్నదనవచ్చును గాని రహస్యమును కాపాడుచున్నదనరాదు.

ఘటాకాశము వేరుగ తోచుట కుండ మహిమ. ఆ కుండ పగుళ్లు లేనిదా యని దీపము వెలిగించి చూచుట కుండను పట్టుకొన్నవాని ధర్మము. ఋగ్వేద భాష్యమును లోకమునకిచ్చిన చేయియు, ఉద్దానపు రోగి చీటీని మూసియుంచు చేయియు ఒకే ధర్మమును పాటించుచున్నవి: వాక్కు ఎవరిదో, అది ఎంతదూరము పోవలయునో నిర్ణయించు అధికారము వారిదే.